ఒకే గాదెలో పోయని గింజలు: ఆంధ్రా బ్యాంకు పుట్టుకపై బరంపురం నుంచి ఒక ఆడిటర్ పరిశీలన

కొన్నేళ్ల క్రితం, ఒడిశాలోని గంజాం జిల్లాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న పట్నంలోని పొదుపు సంఘం లెక్కలు చూడమని నన్ను పిలిచారు. తెలుగు మాట్లాడే నేతగాళ్లు, చిల్లర వర్తకులు, రిటైరైన ఒకరిద్దరు బడిపంతుళ్లు కలిసి పెట్టుకున్న సంఘం అది. గడువు తీరిన డిపాజిట్లను తిరిగి ఇవ్వలేక, తలుపులు సగం మూసుకుని కూర్చుంది. బరంపురంలో చాలాకాలంగా ఆడిట్ పని చేస్తున్నవాణ్ణి కనుక, ఎవరో చెయ్యి పెట్టి ఉంటారనే అనుమానంతోనే వెళ్లాను. రెండు వారాల పాటు చిట్టానూ (రోజువారీ పద్దుల పుస్తకం) ఆవర్జానూ (ఖాతాల పుస్తకం) పక్కపక్కన పెట్టుకుని సరిచూస్తే దొంగ పద్దు ఒక్కటీ దొరకలేదు. ప్రతి ఖర్చుకూ వోచరు ఉంది, ప్రతి అప్పుకూ కాగితం ఉంది, పెద్ద అప్పులన్నిటికీ స్థిరాస్తి తనఖా కూడా ఉంది. పెట్టెలో మాత్రం డబ్బు లేదు.

సంఘం ఏడాది గడువుకు డిపాజిట్లు తీసుకుని, పదేళ్ల వాయిదాలకు ఇళ్ల అప్పులు ఇచ్చింది. అప్పు తీసుకున్నవాళ్లు వాయిదాలు కడుతూనే ఉన్నారు. అయితే ఒక పెళ్లిళ్ల కాలానికి ముందు పట్టు ధర పెరిగి, నేత ఇళ్లన్నిటికీ ఒకేసారి పెట్టుబడి అవసరమై, వారం పది రోజుల్లో డిపాజిట్‌దారులందరూ వరుసకట్టారు. పదేళ్ల తరువాత రావలసిన సొమ్మును ఆ వారంలో ఎవరూ పుట్టించలేరు. చివరి రోజున సంఘం కార్యదర్శి, నాకంటె చాలా పెద్దవారు, ఆవర్జా మూసి ఒక ప్రశ్న అడిగారు: “ఆడిటర్ గారూ, పట్టాభి గారు లక్ష రూపాయలతో బ్యాంకు పెడితే అది తొంభై ఏళ్లకు పైగా నడిచింది కదండీ. మేమూ నిజాయితీగానే ఉన్నాం. మాకెందుకిలా అయింది?” నివేదికలో రాయడానికి వీలులేని ప్రశ్న అది. దానికి ఆ రోజు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ పరిశీలన ఆయనకు బాకీ పడిన సమాధానమే.

పట్టాభి గారి బ్యాంకు, అంటే ఆంధ్రా బ్యాంకు, 1923 నవంబరు 20న మచిలీపట్నంలో రిజిస్టరై, అదే నెల 28న వ్యాపారం మొదలుపెట్టింది. వ్యవస్థాపకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టినవాడు కనుక, ఆయనకు నలభై మూడేళ్లు నిండింది సరిగ్గా ఈ రెండు తేదీల మధ్యనే. ఆయన మద్రాసులో వైద్యం చదివి బందరులో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు. వృత్తి వదిలి జాతీయోద్యమంలోకి వచ్చారు. వడ్డీ వ్యాపారంలో గాని, బ్యాంకు ఉద్యోగంలో గాని అనుభవం ఉన్న మనిషి కారు. దక్షిణాదిన ఆ కాలపు బ్యాంకుల చరిత్ర చూస్తే ఇందులో వింతేమీ లేదు. 1906లో మంగళూరులో కెనరా బ్యాంకుకు పునాది వేసిన అమ్మెంబళ సుబ్బారావు పాయి న్యాయవాది. 1925లో ఉడుపిలో, తరువాత సిండికేట్ బ్యాంకుగా పేరు పొందిన సంస్థను 8,000 రూపాయలతో మొదలుపెట్టిన ముగ్గురిలో ఒకరు, టి.ఎం.ఎ. పాయి, డాక్టరే. అప్పు ఇవ్వడం తెలిసినవాళ్లు అప్పటికే ఊరూరా ఉన్నారు. నలుగురి సొమ్మును నమ్మకంగా ఒకచోట చేర్చగల మనిషే కరువు, ఆ పని ఊళ్లో పేరున్న డాక్టరుకో ప్లీడరుకో సాధ్యపడింది.

నమ్మకం అని తేలిగ్గా అంటాము గాని, 1923లో బ్యాంకు పేరుమీద జనాన్ని నమ్మించడం సామాన్యమైన పని కాదు. 1906 అక్టోబరులో మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి, పింఛనుదారుల నుంచి జమీందార్ల దాకా దక్షిణాది డిపాజిట్‌దారులను ముంచింది. ఆ దెబ్బ నుంచే మరుసటి ఏడాది ఇండియన్ బ్యాంకు పుట్టింది. 1913లో లాహోరులోని పీపుల్స్ బ్యాంకు మూతపడి, దాని వెనుక ఎన్నో చిన్న బ్యాంకులు వరుసగా పడిపోయాయి. ఆంధ్రా బ్యాంకు పుట్టిన సంవత్సరమే, ఏప్రిల్ నెలలో, అలయెన్స్ బ్యాంక్ ఆఫ్ సిమ్లా కూలింది. రిజర్వు బ్యాంకు రావడానికి ఇంకా పన్నెండేళ్లు ఉంది. డిపాజిట్ బీమా రావడానికి ముప్పై ఎనిమిదేళ్లకు పైగా పట్టింది. బ్యాంకుకు కనీస మూలధనం ఇంత ఉండాలనే చట్టం కూడా లేదు.

ఇక్కడ లక్ష రూపాయల సంగతి కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే కార్యదర్శి గారితో సహా మనవాళ్లందరూ ఆ అంకెను ఒక అద్భుతంగా చెప్పుకుంటారు. ఆ బ్యాంకు అధీకృత మూలధనం 10 లక్షలు, వాటాదారులు నిజంగా చెల్లించినది 1 లక్ష. అనుమతి పదింతలకు తీసుకుని, పదోవంతుతో పని మొదలుపెట్టారన్నమాట. అవసరమైనప్పుడు మళ్లీ చట్టం చుట్టూ తిరగకుండా వాటాలు అమ్ముకునే ఏర్పాటు ఇది. కంపెనీల చట్టాన్ని 1936లో సవరించినప్పుడు కొత్త బ్యాంకుకు కనీసం 50,000 రూపాయల మూలధనం ఉండాలన్నారు. అంటే, ఏ చట్టమూ అడగని రోజున ఈ బ్యాంకు, తరువాతి చట్టం అడిగినదానికి రెట్టింపుతో బయలుదేరింది. అదే సమయంలో, రిజర్వు బ్యాంకు షెడ్యూలులో, అంటే అది గుర్తించిన బ్యాంకుల జాబితాలో, చేరాలంటే మూలధనమూ నిల్వలూ కలిపి 5 లక్షలు కావలసివచ్చిన లెక్కలో చూస్తే ఆ లక్ష చాలా చిన్నది. మన ప్రాంతం నుంచే ఒక పోలిక చెప్పాలంటే, పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా వేయించిన చిన్న రైలుమార్గం 1900లో నడక మొదలుపెట్టేసరికి దానికైన ఖర్చు 7 లక్షలు. ఒక జమీందారు పాతిక మైళ్ల పట్టాలకు పెట్టిన సొమ్ములో ఏడోవంతుతో, జమీందారు కాని మనుషులు ఒక బ్యాంకు పెట్టారు. కాబట్టి ఆ లక్ష అద్భుతమూ కాదు, దుస్సాహసమూ కాదు. జాగ్రత్తగా కొలిచి పోసిన సొమ్ము.

కార్యదర్శి గారి ప్రశ్నకు సమాధానం మాత్రం ఆ లక్షలో లేదు. అది నాకు పట్టాభి గారు పెట్టిన ఇతర సంస్థల తేదీలు ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాక కనిపించింది. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు. 1923లో ఆంధ్రా బ్యాంకు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. 1927లో ఒక భూమి తనఖా బ్యాంకు. 1929లో భారతలక్ష్మీ బ్యాంకు. 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్. ఇరవై ఏళ్లలో ఒకే మనిషి చేతుల మీదుగా ఇన్ని సంస్థలు ఎందుకు వచ్చాయనే ప్రశ్నకు, ఆయన జీవితం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ‘నిర్మాణ దక్షత’ అని సమాధానం చెప్పి ఊరుకుంటారు. ఒక ఆడిటర్ కంటికి అందులో వేరొక సంగతి కనబడుతుంది. సొమ్ము ఎంతకాలానికి వస్తుంది, ఎంతకాలానికి పోతుంది అనే లెక్క ప్రకారం సంస్థలను వేరు చేసినట్టు కనబడుతుంది.

రైతు ఇంట్లో విత్తనం గింజలు ఒక గాదెలోనూ తిండిగింజలు వేరొక గాదెలోనూ పోస్తారు. తిండిగింజల గాదె అడుగంటినా విత్తనాల గాదె ముట్టుకోరు. సహకార కేంద్ర బ్యాంకు సొమ్ము పంట సొమ్ము. ఆషాఢంలో నాట్లకు పోయి, సంక్రాంతికి కుప్పలు నూర్చాక తిరిగి వస్తుంది. 1912 నాటి సహకార చట్టం జిల్లా స్థాయిలో ఇటువంటి కేంద్ర బ్యాంకులకు దారి తెరిచింది. వాణిజ్య బ్యాంకు సొమ్ము వర్తకుల సొమ్ము. హుండీ (వర్తకులు రాసుకునే చెల్లింపు పత్రం) మీద, సరుకు తాకట్టు మీద రెండు మూడు నెలలు బయట తిరిగి వస్తుంది, డిపాజిట్‌దారు అడిగిన రోజున చేతిలో ఉండాలి. భూమి తనఖా మీద ఇచ్చేది పదేళ్లకో ఇరవై ఏళ్లకో గాని తిరిగి రాదు, కనుక దాన్ని డిపాజిట్లతో కాక అంతే గడువు గల డిబెంచర్లతో (సంస్థ అమ్మే అప్పు పత్రాలతో) నడపాలి. మద్రాసు రాష్ట్రంలో 1929లో ఏర్పడిన కేంద్ర భూమి తనఖా బ్యాంకు చేసింది అదే. బీమా ప్రీమియం ఏటేటా వచ్చి, ఒక తరం దాటాక గాని బయటికి పోదు కనుక దీర్ఘకాలపు పెట్టుబడికి అంతకంటె తగిన సొమ్ము లేదు. ఈ నాలుగింటినీ ఒక్క బ్యాంకులో పోసి ఉంటే బందరులో అది ఇంకా పెద్ద భవనం అయ్యేది, ఇంకా పెద్ద బోర్డు కట్టుకునేది. కృష్ణా డెల్టాలో ధాన్యం ధర పడిపోయిన 1930ల మాంద్యం నాటికి, మా సంఘం పడిన అవస్థే పడి ఉండేదని నా అభిప్రాయం.

ఈ వాదనకు లొంగని పద్దు ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1929 నాటి భారతలక్ష్మీ బ్యాంకు కూడా మచిలీపట్నంలోనే పుట్టిన వాణిజ్య బ్యాంకు. ఒకే రకం గింజకు, ఒకే ఊళ్లో, రెండో గాదె అన్నమాట. చివరికి 1964లో దాన్ని ఆంధ్రా బ్యాంకులోనే విలీనం చేశారు. గాదెలు వేరు చేయడం అన్ని చోట్లా ఒక ముందుచూపు ప్రకారమే జరిగిందని చెప్పడం ఆ రోజుల బందరును మరీ శుభ్రంగా చూడడమే అవుతుంది.

వ్యవస్థాపకుల గురించి ఆడిటర్లు అడగవలసిన రెండో ప్రశ్న, ఆ మనిషి లేకపోతే సంస్థ ఏమవుతుంది అనేది. పట్టాభి గారి విషయంలో ఈ పరీక్ష బ్రిటిష్ ప్రభుత్వమే పెట్టింది. 1942 ఆగస్టులో చాలామంది కాంగ్రెస్ కార్యవర్గ సభ్యులతో పాటు ఆయననూ పట్టుకుపోయి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. దాదాపు మూడేళ్లు ఆయన బయట లేరు. యుద్ధకాలం, ధరలు పెరుగుతున్న కాలం, బ్యాంకులు పుట్టగొడుగుల్లా లేచి పడుతున్న కాలం. బ్యాంకు ఆగలేదు. 1939లో త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ మీద 1,580కి 1,377 ఓట్లతో ఓడిపోయిన మనిషిగానే దేశం ఆయనను ఎక్కువగా గుర్తుపెట్టుకుంది. నా లెక్కలో అంతకంటె చెప్పుకోదగిన అంకె ఆ మూడేళ్లదే. మా సంఘంలో కార్యదర్శి గారు జ్వరంతో పది రోజులు మంచం పడితే ఇనప్పెట్టె తాళం ఎవరి దగ్గర ఉండాలో తేలక, ఆ పది రోజులూ ఎవరికీ పైకం ఇవ్వలేదు.

ఇంతవరకు చెప్పింది బందరు కథ. ఇది మా గంజాంకు ఎలా సంబంధించిందో కూడా చూడాలి. 1923లో బరంపురమూ బందరూ ఒకే మద్రాసు రాష్ట్రంలో, ఒకే హైకోర్టు కింద ఉండేవి. అప్పటికి ‘ఆంధ్ర’ అనేది ఏ పటంలోనూ ఉన్న రాష్ట్రం పేరు కాదు. 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్ర మహాసభ ఆశ అది. ఆ ఆశలో గంజాం తెలుగువాళ్లూ ఉన్నారు. రాష్ట్రం రావడానికి ముప్పై ఏళ్ల ముందే ఆ పేరుతో బ్యాంకు వచ్చింది. మధ్యలో, 1931లో ఓడొనెల్ కమిటీ వేసి, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రాన్ని ఏర్పాటు చేసినప్పుడు బరంపురం, పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్లాయి, ఇచ్ఛాపురం మద్రాసు రాష్ట్రంలోనే మిగిలింది. ఇప్పుడు గిరిసోల దగ్గర దాటే గీత అదే. గీతకు ఒరిస్సా పక్క మిగిలిన తెలుగువాళ్లకు ‘ఆంధ్ర’ అని బోర్డు మీద రాసి ఉన్న చోటు, బ్యాంకు ఏదైనా, డబ్బు దాచుకునే చోటు కంటె కొంచెం ఎక్కువే.

ఆ డబ్బు అసలు ఎక్కడ ఉండేదన్నది వేరే సంగతి. కృష్ణా డెల్టాలో 1850ల నుంచి ఆనకట్ట నీళ్లు పారి, రైతు చేతిలో మిగులు నిలిచింది. ఆ మిగులే బందరు బ్యాంకులకు డిపాజిట్టయింది. గంజాంలో 1866 కరువు తరువాత ఋషికుల్య కాలువలు వచ్చినా, జిల్లాలో చాలా భాగం జమీందారీల కింద ఉండి, మిగులు పన్నుల రూపంలో కోటల్లోకి పోయేది. బరంపురం పట్టుచీర నేసే దేరా నేతగాళ్లకు పట్టు, జరీ అరువు ఇచ్చేది సావుకారే, చీర కొనేదీ సావుకారే. పైన ఏజెన్సీలో, కోరాపుట్ వైపు, అప్పు తీర్చలేని గిరిజనుడు సావుకారు ఇంట్లో చాకిరీ చేసే ‘గోతి’ పద్ధతి ఉండేది. ఇటువంటి చోట బ్యాంకుకు డిపాజిట్ సులభంగా రాదు, అప్పు అవసరం మాత్రం అంతులేకుండా ఉంటుంది. ఒకే భాష, ఒకే చట్టం, అదే నిజాయితీ ఉన్నా, బందరు లెక్క బరంపురంలో అలాగే వేస్తే తప్పు వచ్చేది ఇందుకే. పొదుపు సంఘాలు ఇక్కడ పుట్టి పుట్టి పోతూ ఉండడానికి మనవాళ్ల చేతకానితనం కారణమనే వాదనను నేను ఒప్పుకోను.

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చు. జీవిత బీమా 1956లో జాతీయమై ఎల్‌ఐసీలోకి పోయింది. 1969లో 50 కోట్లకు పైబడిన డిపాజిట్లున్న పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసినప్పుడు ఆంధ్రా బ్యాంకు ఆ గీతకు కిందనే ఉండిపోయింది. 1980 ఏప్రిల్ 15న రెండో విడతలో జాతీయమైంది. గంజాంకు, తరువాత 1992లో దాన్నుంచి విడిపోయిన గజపతి జిల్లాకు అదే లీడ్ బ్యాంకుగా, అంటే జిల్లా రుణప్రణాళిక చూసే బ్యాంకుగా ఉండేది. బరంపురం కేంద్రంగా పనిచేసిన ఋషికుల్య గ్రామ్య బ్యాంకును ప్రాయోజితం చేసిందీ అదే, 2012లో ఆ గ్రామీణ బ్యాంకు ఉత్కళ్ గ్రామీణ బ్యాంకులో కలిసేదాకా. ఆంధ్ర పేరు గల బ్యాంకు ఒడియా జిల్లాల రుణప్రణాళికకు బాధ్యత వహించడం పట్టాభి గారు ఊహించి ఉండరు. అయితే గమనించవలసింది వేరొకటి. పంట అప్పు, ఇంటి అప్పు, నేతగాడి పెట్టుబడి, బీమా అమ్మకం, అన్నీ ఇప్పుడు ఒకే కౌంటరు దగ్గర జరుగుతాయి. గాదెల మధ్య గోడలు పోయాయి. వాటి పని ఇప్పుడు రిజర్వు బ్యాంకు అడిగే ఆస్తి అప్పుల గడువుల పట్టిక చేస్తుంది, వెనుక ప్రభుత్వం ఉంది. గోడా లేక, పట్టికా లేక, ప్రభుత్వమూ లేక మిగిలినవి మా సంఘం లాంటివే.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, ఉడుపిలో 1906లో 5,000 రూపాయలతో పుట్టిన కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసింది. వెయ్యి ఆంధ్రా బ్యాంకు వాటాలకు 325 యూనియన్ బ్యాంకు వాటాలు ఇచ్చారు. ఆ తరువాత కొన్నాళ్లకు బరంపురంలో మా వీధి చివరి మామ్మ ఒకామె పాస్‌బుక్కు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. “ఏటి బాబూ, ఆంధ్రా బేంకు లేదంటన్నారు. నా డబ్బులు ఉన్నాయా, అవీ పోనాయా?” అంది. డబ్బు ఉందని, ఐదు లక్షల దాకా బీమా కూడా ఉందని చెప్పాను. ఆ మాట చెబుతున్నప్పుడే గుర్తొచ్చింది, మా సంఘంలో సొమ్ము దాచుకున్న ఆమె ఈడువాళ్లకు ఆ బీమా లేదని. డిపాజిట్ బీమా బ్యాంకులకూ సహకార బ్యాంకులకూ వర్తిస్తుంది గాని, బ్యాంకు లైసెన్సు లేని పొదుపు సంఘానికి వర్తించదు.

సంఘానికి నేను ఇచ్చిన సలహా చివరికి సాదాసీదాగా తేలింది. కొత్త డిపాజిట్లు తీసుకోవడం ఆపేశారు. ఇళ్ల అప్పుల ఖాతాను విడిగా తీసి, దానికి వచ్చే వాయిదాలను ఒక ప్రత్యేక ఖాతాలో జమచేసి, ఆ ఖాతాలో పడినమేరకు మూడు నెలలకొకసారి డిపాజిట్‌దారులందరికీ వాటా ప్రకారం పంచే ఏర్పాటు సర్వసభ్య సమావేశంలో ఆమోదించారు. చిన్న డిపాజిట్లకు మొదటి వరుస. వడ్డీ ఎవరూ అడగలేదు. నేతకు ఇచ్చే పెట్టుబడి అప్పును, అంటే నాలుగు నెలల్లో చీర అమ్మి తిరిగి కట్టే అప్పును మాత్రం, కొద్ది మొత్తంతో వేరే పుస్తకంలో నడుపుతున్నారు. ఇనప్పెట్టెకు ఇప్పుడు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర ఒక్కొక్కటి. మొదటి పంపకానికి కార్యదర్శి గారే కూర్చుని సంతకాలు తీసుకున్నారు. రెండో పంపకం నాటికి ఆయన మంచాన ఉన్నారు. ఆయన లేకుండానే, అనుకున్న తేదీకే పైకం ఇచ్చారు.